ఆకుపచ్చ పెట్టె పలికింది



మీ ఇంట్లో పాత రేడియో ఉందా? అటక మీద దుమ్ము పట్టి ఉందా? "అది పోయింది. తూకానికి అమ్మేద్దాం" అనుకుంటున్నారా? జర ఆగండి. ముందు ఈ పాఠం చదవండి.

ఇది హైదరాబాద్ పాతబస్తీలో ఒక ఇంటి కథ. కథ పాఠం కోసం అల్లినది. కానీ ఇందులో చెప్పిన రేడియో నిజమైనది. బజారు నిజమైనది. ప్రమాదం కూడా నిజమైనదే.

1. ఇంటికి వచ్చిన పెట్టె

ఆమె భర్త పాత సామాను కొంటాడు, అమ్ముతాడు. తోపుడు బండి మీద గల్లీ గల్లీ తిరుగుతాడు. జుమేరాత్ బజార్‌కు కూడా పోతాడు. జుమేరాత్ అంటే గురువారం. పాత సామాన్లకు ఆ బజారు పెట్టింది పేరు.

ఒక రోజు అతను రెండు ఇనుప పెట్టెలు తెచ్చాడు. ఆకుపచ్చ రంగు. చాలా బరువు. పెద్ద పెట్టె ముందు గుండ్రటి బిరడాలు, ఒక మీటరు, చాలా మీటలు ఉన్నాయి. చిన్న పెట్టె నుంచి లావు తీగ వేలాడుతోంది.

"ఇది మిలిటరీ రేడియో. ఇనుము, రాగి బాగా ఉంది. తూకానికి ఇస్తే మంచి పైసలు వస్తయ్" అన్నాడు.

కొడుకు పదో తరగతి. వాడు ఊరుకుంటాడా? "నాయనా, పాడుతదేమో చూద్దాం. ప్లగ్గు పెడతా" అన్నాడు. తీగ కొసలు చెక్కి, ప్లగ్గు బిగించడం మొదలుపెట్టాడు.

ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "జర ఆగు బిడ్డా. ఆ రేకు పలక మీద ఏందో రాసి ఉంది. చదవనియ్యి" అంది.

"నీకు ఇంగ్లీషు రాదు గదమ్మా!"

"అంకెలు వస్తయ్ గద!"

ఆమె సాయంత్రం చదువు కేంద్రానికి పోతుంది. అంకెలు బాగా నేర్చుకుంది. కొంగుతో పలక మీది దుమ్ము తుడిచింది. వేలు పెట్టి చదివింది. ఒకటి, రెండు. పన్నెండు. పక్కన 'వి' అనే ఇంగ్లీషు అక్షరం. అదే అక్షరం ఇంటి కరెంటు మీటరు మీద కూడా ఉంది. అక్కడ దాని ముందు 230 లాంటి పెద్ద అంకె ఉంటుంది.

"దీనికి పన్నెండు చాలు. మన గోడలో ఉన్నది రెండు వందల ముప్పై. వద్దు" అంది.

కొడుకు చెయ్యి ఆగిపోయింది.

2. పన్నెండు ఎక్కడ? 230 ఎక్కడ?

ఆమె చదివింది రెండు అంకెలే. ఆ రెండు అంకెలే ఆ రోజు ఇంటిని కాపాడాయి.

వోల్టు అంటే కరెంటును తోసే బలం. మన ఇళ్లలో 230 వోల్టుల కరెంటు వస్తుంది. కారు బ్యాటరీలో 12 వోల్టులు ఉంటాయి. 12 వోల్టుల సామానుకు 230 ఇస్తే తీగలు కాలిపోతాయి. నిప్పు అంటుకోవచ్చు. పెట్టె ఇనుముది. కరెంటు పెట్టెకు పాకితే, ముట్టుకున్న మనిషి ప్రాణం పోవచ్చు.

కాబట్టి పాత సామాను ఏదైనా సరే, ముందు చదవాలి. చదవకుండా ప్లగ్గు పెట్టకూడదు.

3. ఛత్తాబజార్‌కు పోయారు

చార్మినార్ 1591లో కట్టారు. దానికి కొద్ది దూరంలోనే ఛత్తాబజార్ ఉంది. పెళ్లి కార్డులు అచ్చు వేసే దుకాణాలకు ఆ బజారు పేరుపొందింది. పాత రేడియోలు బాగుచేసే 'మహబూబ్ రేడియో సర్వీస్' అనే దుకాణం కూడా ఛత్తాబజార్‌దే. ఆ దుకాణం గురించి పత్రికలు చాలాసార్లు రాశాయి.

మన కథలోని ఉస్తాద్ వేరే గల్లీలో ఉంటాడు. ఆయన పెద్ద మనిషి. అద్దాల మీద ఇంకో అద్దం పెట్టుకుని పని చేస్తాడు. చుట్టూ రేడియోలే.

భార్యాభర్తలు పెట్టెలను బండి మీద పెట్టుకుని ఆయన దగ్గరకు పోయారు.

ఉస్తాద్ మొదటి ప్రశ్న ఇది: "కరెంటు పెట్టిండ్రా?"

"లేదు చాచా. పలక మీద పన్నెండు చూసి ఆపేసిన" అంది ఆమె.

ఉస్తాద్ నవ్వాడు. "శభాష్ బేటీ! నా దగ్గరకు వచ్చేవాళ్లు చాలామంది ముందు కాలుస్తరు. తర్వాత తెస్తరు. నువ్వు సగం రిపేరు నువ్వే చేసినవ్."

4. ఈ రేడియో ఎక్కడిది?

ఉస్తాద్ పెట్టెను తిప్పి చూశాడు. బిరడాల దగ్గర రెండు రకాల అక్షరాలు ఉన్నాయి. ఒకటి ఇంగ్లీషు. రెండోది రష్యా వాళ్ల అక్షరాలు.

"ఇది 19 నంబరు సెట్టు" అన్నాడు.

రెండో ప్రపంచ యుద్ధం 1939 నుంచి 1945 దాకా జరిగింది. ఆ కాలంలో బ్రిటన్ వాళ్లు ఈ సెట్టును తయారుచేశారు. యుద్ధ ట్యాంకుల్లో పెట్టడానికి దీన్ని చేశారు. కెనడాలో, అమెరికాలో కూడా చేశారు. రష్యా సైన్యానికి కూడా పంపారు. అందుకే కొన్ని సెట్ల మీద రెండు భాషలు ఉంటాయి.

ట్యాంకు చప్పుడులో మాట వినపడదు. లోపలి మనిషికి బయట ఏం జరుగుతోందో తెలియదు. ఈ సెట్టు మాట పంపుతుంది, మాట వింటుంది కూడా. ట్యాంకులో 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. చిన్న పెట్టె ఆ 12ను వందల వోల్టులుగా మారుస్తుంది. పెద్ద పెట్టె దానితో నడుస్తుంది.

యుద్ధం అయిపోయాక ఇలాంటి సామాను చాలా మిగిలింది. దాన్ని 'డిస్పోజల్' కింద అమ్మేవారు. రేడియో పని నేర్చుకునేవాళ్లు వాటిని కొని, విప్పి, కట్టి నేర్చుకున్నారు.

మన హైదరాబాద్‌కు కూడా రేడియో కథ ఉంది. నిజాం కాలంలో, 1935లో, 'డెక్కన్ రేడియో' మొదలైంది. 1950లో దాన్ని భారత ప్రభుత్వం తీసుకుంది. ఆ రోజుల్లో రేడియో ఉన్న ఇంటి ముందు గల్లీ అంతా కూర్చునేది. రేడియో ఉంటే లైసెన్సు రుసుము కట్టాలి. పోస్టాఫీసులో కట్టేవారు. ఆ రుసుమును 1980 తర్వాతి ఏళ్లలో తీసేశారు.

5. విప్పి చూద్దాం

ఉస్తాద్ పని వరసగా చేస్తాడు. ఆమె పక్కన కూర్చుని చూసింది. నోటు పుస్తకంలో రాసుకుంది.

మొదటి పని: చూడాలి, వాసన పట్టాలి. ఎలుక కొరికిన తీగ ఉందా? రబ్బరు పొడి అయిందా? కాలిన వాసన ఉందా? పాత తీగల మీది రబ్బరు ఏళ్లు గడిస్తే పెళుసవుతుంది. ముట్టుకుంటే రాలుతుంది. అప్పుడు లోపలి రాగి బయటపడుతుంది. రెండు రాగి తీగలు తగిలితే నిప్పు.

రెండో పని: రాయాలి. ఏ తీగ ఎక్కడ ఉందో విప్పక ముందే బొమ్మ వేసుకోవాలి. "విప్పడం అందరికీ వస్తది. మళ్లీ కట్టడం రాసుకున్నోళ్లకే వస్తది" అన్నాడు ఉస్తాద్.

మూడో పని: దుమ్ము తీయాలి. మెత్తని కుంచెతో తీయాలి. నీళ్లు పోయకూడదు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కొన్ని పాత మిలిటరీ మీటర్ల అంకెలు చీకట్లో మెరిసేవి. ఆ రంగులో రేడియం అనే పదార్థం కలిపేవారు. రేడియం నుంచి కంటికి కనపడని కిరణాలు వస్తాయి. ఇప్పుడు ఆ రంగు మెరవదు. కానీ రేడియం పోలేదు. దాని బలం సగం తగ్గడానికే దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. కాబట్టి మీటరు అద్దం విప్పకూడదు. రంగు గీకకూడదు. ఆ పొడి ఊపిరిలోకి, నోట్లోకి పోతే హాని. పిల్లలను దూరంగా ఉంచాలి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి.

నాలుగో పని: కండెన్సర్లు చూడాలి. కండెన్సర్ కరెంటును దాచుకునే కుండ లాంటిది. కొళాయి కట్టేసినా కుండలో నీళ్లు ఉంటాయి కదా? అలాగే స్విచ్చి తీసేసినా కండెన్సర్‌లో కరెంటు ఉండవచ్చు. అది కూడా గట్టి దెబ్బ కొడుతుంది. ఉస్తాద్ ముందు దాన్ని జాగ్రత్తగా ఖాళీ చేశాడు. పాత కండెన్సర్లలో కాగితం ఉంటుంది. ఆ కాగితానికి చెమ్మ పడితే కరెంటు కారిపోతుంది. అలాంటివి తీసి కొత్తవి వేశాడు.

ఐదో పని: రెసిస్టర్లు చూడాలి. రెసిస్టర్ కరెంటును అదుపు చేస్తుంది. చిన్న బియ్యపు గింజంత నుంచి వేలంత దాకా ఉంటుంది. దాని మీద రంగు గీతలు ఉంటాయి. ఒక్కో రంగు ఒక్కో అంకె.

నలుపు 0
గోధుమ 1
ఎరుపు 2
నారింజ 3
పసుపు 4
ఆకుపచ్చ 5
నీలం 6
ఊదా 7
బూడిద 8
తెలుపు 9

మొదటి రెండు గీతలు అంకెలు. మూడో గీత ఎన్ని సున్నాలో చెబుతుంది. పసుపు, ఊదా, ఎరుపు అంటే ఎంత? 4, 7, తర్వాత రెండు సున్నాలు. అంటే 4700. దీన్ని ఓములలో కొలుస్తారు.

"ఇది గాజుల రంగులు చదివినట్టే ఉంది చాచా" అంది ఆమె. సాయంత్రానికి పది రెసిస్టర్లు చదివింది. ఉస్తాద్ మీటరు పెట్టి చూశాడు. తొమ్మిది సరిపోయాయి. పదోది చదవడంలో తప్పు లేదు. ఆ రెసిస్టరే పాడైపోయింది.

ఆరో పని: వాల్వులు చూడాలి. వాల్వు గాజు బుడ్డి లాంటిది. లోపల గాలి ఉండదు. సన్నని తీగ వేడెక్కి ఎర్రగా మెరుస్తుంది. అది వేడెక్కితేనే రేడియో పలుకుతుంది. అందుకే పాత రేడియో పెట్టగానే పలకదు. కొద్దిసేపు ఆగాలి.

ఈ పనులు నేర్చుకున్నవాళ్లే చేయాలి. మనం చూడవచ్చు, రాసుకోవచ్చు, నేర్చుకోవచ్చు. నేర్చుకోక ముందు చెయ్యి పెట్టకూడదు.

6. ఎర్ర పాదరసం మాట

పని సగంలో ఉండగా ఒక మనిషి వారి ఇంటికి వచ్చాడు. మంచి బట్టలు వేసుకున్నాడు.

"మీ దగ్గర పాత మిలిటరీ రేడియో ఉందట. దాంట్లో ఎర్ర పాదరసం ఉంటది. లక్షలు ఇస్తం. కానీ ముందు పరీక్ష చెయ్యాలె. పరీక్ష ఖర్చు మీరు కట్టాలె" అన్నాడు.

భర్త మనసు ఊగింది. లక్షలు! కూతురి పెళ్లి చేయవచ్చు. అప్పు తీర్చవచ్చు.

ఆమె ఉస్తాద్‌ను అడిగింది. ఉస్తాద్ తల పట్టుకున్నాడు. "బేటీ, యాభై ఏండ్ల నుంచి రేడియోలు విప్పుతున్న. అందులో తీగలు ఉంటయ్, గాజు ఉంటది, దుమ్ము ఉంటది. ఎర్ర పాదరసం నేను ఎన్నడూ చూడలే."

అక్కలారా, ఈ పుకారు నిజంగానే తిరుగుతోంది. పాత రేడియోలో, పాత టీవీలో ఎర్ర పాదరసం ఉంటుందని ఫోన్లలో బొమ్మలు పంపుతారు. 2009లో సౌదీలో ఇదే పుకారు పుట్టింది. పాత సింగర్ కుట్టు మిషన్లలో ఎర్ర పాదరసం ఉందన్నారు. జనం ఎగబడి ఎక్కువ ధర పెట్టి మిషన్లు కొన్నారు. వాటిలో ఏమీ లేదు.

లక్షలు ఇస్తామనే మనిషి ముందు మన దగ్గరే పైసలు అడిగితే, అది మోసం. ఆ మాట ఆమె భర్తకు చెప్పింది. "లక్షలు ఇచ్చేటోడు పరీక్ష ఖర్చు తనే పెట్టుకోడా?" అని అడిగింది. భర్త దగ్గర జవాబు లేదు. మర్నాడు ఆ మనిషి వస్తే తలుపు తీయలేదు.

7. నూర్ కథ

ఒక మధ్యాహ్నం ఆమె ఉస్తాద్‌ను అడిగింది. "చాచా, ఈ పని ఆడవాళ్లు చేస్తరా?"

ఉస్తాద్ పని ఆపి, నూర్ ఇనాయత్ ఖాన్ కథ చెప్పాడు.

నూర్ అంటే వెలుగు. ఆమె టిప్పు సుల్తాన్ వంశంలో పుట్టింది. తండ్రి ఇనాయత్ ఖాన్ సంగీతం తెలిసిన సూఫీ. ఆయన కొన్నాళ్లు మన హైదరాబాద్‌లో ఉన్నాడు. తన గురువును ఇక్కడే కలుసుకున్నాడు. తర్వాత విదేశాలకు వెళ్లాడు. నూర్ 1914లో మాస్కోలో పుట్టింది. పిల్లల కథలు రాసేది.

యుద్ధం వచ్చింది. జర్మనీ సైన్యం ఫ్రాన్స్‌ను పట్టుకుంది. నూర్ బ్రిటన్‌లో వైర్‌లెస్ పని నేర్చుకుంది. 1943 జూన్‌లో రహస్యంగా ఫ్రాన్స్‌కు వెళ్లింది. ఆ పని మీద అక్కడికి పంపిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమే. సూట్‌కేసులో పట్టే రేడియోతో ఇల్లు మారుస్తూ, వీధి మారుస్తూ కబుర్లు పంపింది. తోటివాళ్లు చాలామంది పట్టుబడ్డారు. తిరిగి వచ్చేయమన్నారు. ఆమె రాలేదు. తను వస్తే కబురు పంపేవాళ్లు లేరు.

అక్టోబరులో ఆమె పట్టుబడింది. 1944 సెప్టెంబరు 13న డాకౌ అనే చెరలో ఆమెను చంపేశారు. అప్పటికి ఆమె వయసు 30 ఏళ్లు. 1949లో బ్రిటన్ ఆమెకు జార్జ్ క్రాస్ అనే పెద్ద పతకం ప్రకటించింది.

కథ అయ్యాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆకుపచ్చ పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుంది.

8. అనుమతి కావాలి

వినే రేడియో వేరు. పంపే రేడియో వేరు. పాటలు, వార్తలు వినడానికి ఇప్పుడు లైసెన్సు అక్కర లేదు. కానీ మాట పంపే సెట్టుకు ప్రభుత్వ అనుమతి కావాలి. 19 నంబరు సెట్టు పంపుతుంది కూడా. అనుమతి లేకుండా దాన్ని ఉంచుకుని వాడితే కేసు అవుతుంది. సామాను ఎక్కడ కొన్నామో కాగితం కూడా ఉండాలి.

సరదాగా, సేవగా రేడియోలో మాట్లాడేవాళ్లను 'హామ్'లు అంటారు. వారు పరీక్ష రాసి లైసెన్సు తీసుకుంటారు. హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థను 1983లో పెట్టారు. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ అనే మహిళ తన బృందంతో అండమాన్‌కు వెళ్లింది. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. అప్పుడు ఆమె బృందం రేడియోతో కబుర్లు అందించింది. ఎవరు క్షేమమో ఇంటివాళ్లకు తెలిసింది. ఫోను మూగబోయినా రేడియో పలుకుతుంది.

మన ఉస్తాద్ దగ్గర కూడా హామ్ లైసెన్సు ఉంది. అందుకే ఆయన ఆ సెట్టును పట్టాడు.

9. పలికింది

నలభై రోజులు అయ్యాయి. ఉస్తాద్ డాబా మీద పొడుగు తీగ కట్టాడు. కరెంటు తీగలకు దూరంగా కట్టాడు. తన బల్ల మీది యంత్రంతో కొద్దికొద్దిగా వోల్టులు పెంచాడు. కన్ను మీటరు మీదే ఉంది. పొగ రాలేదు. వాసన రాలేదు. వాల్వులు ఒక్కొక్కటిగా ఎర్రబడ్డాయి.

ముందు ఏమీ వినపడలేదు. తర్వాత వాన పడ్డట్టు 'సుయ్' మనే చప్పుడు. ఉస్తాద్ బిరడాను 7 దగ్గరకు మెల్లగా తిప్పాడు. అప్పుడు సన్నగా పిట్ట కూసినట్టు వినపడింది. డిట్. డా డిట్. డా డా డా.

"ఇదేం పాట చాచా?"

"పాట కాదు బేటీ. అక్షరాలు. ఎవరో హామ్ కబురు పంపుతుండు. చుక్క, గీత. ఈ రెంటితోనే అన్ని అక్షరాలు రాస్తరు. దీన్ని మోర్స్ అంటరు."

ఆమె నోటు పుస్తకం తీసింది. ఉస్తాద్ చెబుతుంటే నూర్ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఇలా రాసుకుంది.

ఎన్: గీత, చుక్క
ఓ: గీత, గీత, గీత
ఓ: గీత, గీత, గీత
ఆర్: చుక్క, గీత, చుక్క

కొన్నాళ్లకు లైసెన్సు ఉన్న ఒక హామ్ ఆ సెట్టును కొన్నాడు. లక్షలు రాలేదు. ఉస్తాద్ కూలి, సామాను ఖర్చు పోయాక, తూకానికి వచ్చేదాని కంటే ఎక్కువే మిగిలింది. లెక్క అంతా ఆమే రాసింది.

పెట్టె మూత బిగించే ముందు ఉస్తాద్ ఒక చీటీ ఇచ్చాడు. ఏ రోజు బాగుచేశారో, ఏం మార్చారో రాసి లోపల పెట్టాలి. మళ్లీ ఎప్పుడో విప్పేవాళ్లకు అది దారి చూపుతుంది.

"నువ్వే రాయి బేటీ" అన్నాడు.

ఆమె తెలుగులో రాసింది. తేదీ వేసింది. కింద తన సంతకం చేసింది. ఇంగ్లీషు, రష్యా అక్షరాలు ఉన్న ఆ పెట్టెలో ఇప్పుడు తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి.

గుర్తుంచుకోండి

పాత సామానుకు చదవకుండా కరెంటు పెట్టకండి.
స్విచ్చి తీసేసినా కండెన్సర్‌లో కరెంటు ఉండవచ్చు.
పాత మిలిటరీ మీటర్ల రంగు గీకకండి.
ఎర్ర పాదరసం మాట నమ్మకండి. ముందు పైసలు అడిగేవారికి ఇవ్వకండి.
పంపే రేడియోకు అనుమతి కావాలి.

కొత్త మాటలు

వోల్టు: కరెంటును తోసే బలానికి కొలత
కండెన్సర్: కరెంటును దాచుకునే భాగం
రెసిస్టర్: కరెంటును అదుపు చేసే భాగం
వాల్వు: గాలి లేని గాజు బుడ్డి, లోపల తీగ వేడెక్కుతుంది
హామ్: పరీక్ష రాసి, లైసెన్సుతో రేడియోలో మాట్లాడే మనిషి

జవాబులు రాయండి

1. ఆమె పలక మీద ఏ అంకె చదివింది? ఆ అంకె చదవకపోతే ఏం జరిగేది?
2. విప్పక ముందే బొమ్మ ఎందుకు వేసుకోవాలి?
3. గోధుమ, నలుపు, ఎరుపు గీతలు ఉన్న రెసిస్టర్ ఎన్ని ఓములు?
4. తిరిగి రమ్మన్నా నూర్ ఎందుకు రాలేదు?

చేసి చూడండి

మీ ఇంట్లోని ఫ్యాను, మిక్సీ, ఇస్త్రీ పెట్టె మీద ఉన్న పలకలు చదవండి. ప్లగ్గు తీసేసి చదవండి. వాటి మీద ఉన్న వోల్టుల అంకెను నోటు పుస్తకంలో రాయండి. మీ కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.